మట్టి లేని సేంద్రియం: ‘రీజెనరేటివ్’ తగువుకు మూలం

అమెరికాలో ‘రీజెనరేటివ్’ (నేలకు తిరిగి జీవం పోసే సాగు) అన్న మాట మీద మళ్లీ తగువు రేగింది. 2025 ఆరంభంలో కాలిఫోర్నియా రాష్ట్రం తన పథకాల కోసం ఈ మాటకు నిర్వచనం రాసుకుంది. నేల ఆరోగ్యం, జీవవైవిధ్యం అందులో ఉన్నాయి. సేంద్రియ సాగు మాత్రం తప్పనిసరి కాదు. సేంద్రియ రైతు సంఘాల అభ్యంతరమంతా అక్కడే.

1980లలో అమెరికా సేంద్రియ సాగు ప్రచారకుడు రాబర్ట్ రోడేల్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన దాన్ని సేంద్రియానికి జోడించే వాడారు. ఆ జోడీ ఎందుకు విడిపోయిందో తెలియాలంటే 2017 నవంబరుకు, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు వెళ్లాలి.

అక్కడ సమావేశమైన, వ్యవసాయ శాఖకు సలహా ఇచ్చే జాతీయ సేంద్రియ ప్రమాణాల మండలి ముందున్న ప్రశ్న ఒక్కటే: మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లతో (హైడ్రోపోనిక్స్) పండించిన పంటకు సేంద్రియ ముద్ర వేయవచ్చా? వేయకూడదని ఇదే మండలి 2010లో సిఫార్సు చేసింది. ఏడేళ్ల తర్వాత మాత్రం నిషేధ ప్రతిపాదన 8–7 ఓట్లతో వీగిపోయింది. వేళ్లు గాలిలో వేలాడే పద్ధతిని అదే సమావేశం వద్దంది. నీళ్లలో వేళ్లూనితే పరవాలేదట! ఆ తేడాకు ఆధారమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సేంద్రియ సాగు పుట్టిందే మట్టి కోసం. పచ్చిరొట్ట వేసి ఏళ్లపాటు సాకిన నేలలో ఒక మొక్కను పెకలించి చూడండి. వేళ్లను అంటిపెట్టుకుని నల్లటి మట్టి గుళికలు వస్తాయి. వేలితో నొక్కితే విడిపోతాయి, నీళ్లలో వేస్తే మాత్రం అంత తొందరగా కరగవు. వానను ఇంకించుకునేది, ఎండల్లో మొక్కను కాచేది ఆ గుళికలే. కొబ్బరి పొట్టు నింపిన కుండీకి గొట్టంతో ఎరువు నీళ్లు పట్టి పెంచిన బ్లూబెర్రీ వెనుక ఆ నేల లేదు. ముద్ర మాత్రం రెండింటికీ ఒకటే.

నీరు ఆదా అవుతుందని, చట్టంలో నిషేధమేమీ లేదని హైడ్రోపోనిక్స్ వారి వాదన. భూసారం పెంచాలని 1990 నాటి చట్టమే చెబుతోందని రైతులు 2020లో కోర్టుకెక్కారు. మట్టిలో పండించేవారికే ఆ నిబంధన అన్న వ్యవసాయ శాఖ వాదన 2021లో నెగ్గింది. మరుసటి ఏడాది అప్పీలులోనూ అదే తీర్పు నిలిచింది.

సేంద్రియ ముద్ర మట్టికి హామీ ఇవ్వలేకపోయాక, నేలను నమ్ముకున్నవారు వేరే గుర్తులు వెతుక్కున్నారు. కొందరు రైతులు ‘రియల్ ఆర్గానిక్ ప్రాజెక్ట్’ పెట్టుకున్నారు. రోడేల్ సంస్థ మరికొందరితో కలిసి ‘రీజెనరేటివ్ ఆర్గానిక్’ ముద్ర తెచ్చింది. దానికి సేంద్రియ ధ్రువీకరణ కనీస అర్హత.

ఈలోగా పెద్ద ఆహార సంస్థలు ‘ఆర్గానిక్’ను వదిలి ‘రీజెనరేటివ్’ అన్న మాటనే అందుకున్నాయి. 2030 నాటికి పది లక్షల ఎకరాల్లో రీజెనరేటివ్ సాగును ముందుకు తీసుకువెళ్తామని జనరల్ మిల్స్ 2019లో ప్రకటించింది. దున్నకుండా విత్తడం, నేలను కప్పి ఉంచేందుకు కప్పు పంటలు వేయడం ఈ సాగులో ముఖ్యమైనవి. నేల కోత తగ్గుతుంది, నిజమే. కానీ ఆ కప్పు పంటను చంపడానికి చాలా పొలాల్లో వాడేది గ్లైఫోసేట్ కలుపు మందు.

కాలిఫోర్నియా నిర్వచనం పొట్లాల మీది ముద్రకు వర్తించదు. కలుపు మందు చల్లిన పొలం గోధుమపిండి మీదా, నాలుగెకరాల్లో చెట్లూ కూరగాయలూ కలిపి పెంచే కుటుంబం అమ్మే బుట్ట మీదా ‘రీజెనరేటివ్’ అన్న అదే మాట రాసుకోవచ్చు.