హద్దు పెట్టలేదు, రేటు కట్టారు

హాలీవుడ్ షూటింగుల్లో రోజుకు 14, 16 గంటలు పనిచేయించడం ఓటీటీలతో వచ్చిన జబ్బు కాదు. 1931లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసేటప్పుడే బోరిస్ కార్లాఫ్ బరువైన మేకప్‌తో గంటల తరబడి సెట్‌లో ఉండేవాడు. రెండేళ్ల తర్వాత స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టిన తొలి నటుల్లో ఆయనా ఉన్నాడు. 1937లో స్టూడియోలు ఆ సంఘాన్ని గుర్తించాయి. తెర వెనక పనివాళ్ల సంఘం ఐయాట్సీ ఇంకా పాతది, 1893 నాటిది.

ఈ సంఘాలు పోరాడి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. గంటలు పెరిగితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. భోజనం బ్రేక్ ఆలస్యమైతే జరిమానా. చాలినంత విశ్రాంతి లేకుండా మళ్లీ పనికి పిలిస్తే ఇంకో జరిమానా. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. డబ్బు కడితే పని ఆపక్కర్లేదు. లొకేషన్ అద్దె, కెమెరాల అద్దె, పెద్ద నటుల డేట్లు లెక్కేస్తే, ఇంకో రోజు షూటింగ్ పెట్టుకోవడం కంటే ఇవాళే మరో నాలుగు గంటలు లాగించడం చవక. దాంతో జరిమానా కూడా బడ్జెట్‌లో ముందే రాసుకునే ఖర్చయింది. పనివాళ్లు ఎదురుచెప్పొచ్చు కదా అంటారు. సినిమా సినిమాకూ కొత్తగా పని వెతుక్కునే మనిషి ఎలా చెబుతాడు? ఎవరూ తిట్టరు, తర్వాతి సినిమాకు పిలవరు, అంతే.

1997 మార్చిలో ‘ప్లెజెంట్‌విల్’ సినిమాకు పనిచేస్తున్న 35 ఏళ్ల అసిస్టెంట్ కెమెరామన్ 19 గంటల డ్యూటీ చేసి, కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తూ నిద్రలోకి జారి చనిపోయాడు. రోజుకు 14 గంటలు మించకూడదని తోటివాళ్లు పెట్టిన అర్జీ మీద 10,000 మందికి పైగా సంతకం చేశారు. ఆస్కార్ అందుకున్న ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ ఈ విషయాన్ని వదల్లేదు, 2006లో దీని మీదే డాక్యుమెంటరీ తీశారు. అయినా ఆ 14 గంటల హద్దు రాలేదు.

2021లో 60,000 మంది ఐయాట్సీ పనివాళ్ల ఒప్పందం స్టూడియోలతో చర్చకు వచ్చింది. ఓటేసినవాళ్లలో 98 శాతం సమ్మెకు సరేనన్నారు. చివరి నిమిషంలో కుదిరిన ఒప్పందంలో రెండు డ్యూటీల మధ్య 10 గంటల విరామం రాయించుకున్నారు. ఇంటికి వెళ్లడం, తినడం, నిద్రపోవడం, మళ్లీ సెట్‌కు రావడం, అన్నీ అందులోనే. అందులో హాలీవుడ్ పనివాళ్ల ప్రధాన ఒప్పందం మీద సభ్యుల ఓట్లు విడిగా లెక్కిస్తే వద్దన్నవాళ్లే కాస్త ఎక్కువ. స్థానిక సంఘాల తరఫున ఓటేసే డెలిగేట్ల ఓట్లతో అది గట్టెక్కింది.

2024లో మళ్లీ కూర్చున్నారు. ఈసారి, రోజుకు 15 గంటలు దాటితే ఆ పైన ప్రతి గంటకూ మూడింతల వేతనం అని రాసుకున్నారు.