పావురం కనిపిస్తే శాంతేనా? ఇండీ మ్యూజిక్ వీడియోల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఆదోని నుంచి ఒక అబ్బాయి హార్డ్ డిస్క్ పట్టుకుని కర్నూలులో నా ఎడిటింగ్ గదికి వచ్చాడు. నాలుగు నిమిషాల ఇండీ పాట వీడియో, అంటే సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా తీసుకున్నది. అందులో పావురాలు, ఇసుక గడియారం, పగిలిన అద్దం, తెల్ల గుర్రం, ఓర్వకల్లు రాళ్ల మీద ఎగిరే ఎర్ర చీర. గుర్రానికి, డ్రోన్‌కు అద్దెలే యాభై వేలు దాటాయి. సగం వాళ్లక్క చీటీ ఎత్తి ఇచ్చింది. "అన్నా, ప్రతి షాట్‌లో సింబల్ పెట్టినా. అయినా చూసినోళ్లు ఏమీ అర్థం కాలేదంటున్నారు" అన్నాడు. ముఖం వాడిపోయి ఉంది. ఇదే బాధతో నెలకొకరైనా వస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: ప్రతి సింబల్‌కూ ఒక ఖాయమైన అర్థం ఉంటుంది. ఎన్ని సింబల్స్ పెడితే అంత లోతు.

వాస్తవం: పావురం శాంతి, ఎరుపు రక్తం, నీళ్లు జీవం అని ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికలను నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. వస్తువుకు అర్థాన్నిచ్చేది దాని ముందూ వెనకా ఉన్న షాట్లు. రష్యాలో లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందటే ఒకే నటుడి ముఖాన్ని, ఏ మార్పూ లేకుండా, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడు. ప్రేక్షకులకు మొదటిసారి ఆకలి, రెండోసారి దుఃఖం కనిపించాయని చెబుతారు. ముఖం మాత్రం అదే.

నాకు ఇది తలకెక్కింది మా ఊళ్లోనే. కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడి పాటకు చేసిన వీడియోలో, గడప దాటి నీళ్లు ఇంట్లోకి వచ్చే షాట్ ఒకటి పెట్టాను. కర్నూలు పాతబస్తీలో చూపిస్తే గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడిన సంగతి ఇక్కడ ఎవరు మర్చిపోతారు? అదే షాట్‌ను అనంతపురం దగ్గర ఒక పల్లెలో చూపిస్తే ఒక రైతు "అబ్బ, ఎన్ని నీళ్లు సామీ!" అని మురిసిపోయాడు. బోర్లు ఎండిపోయి, వేరుశనగ వేసి మబ్బుల కోసం చూసే మనిషి. ఆయనకు తోచిన అర్థం తప్పని నేనెలా అంటాను? తప్పు నా కట్‌లో ఉంది. నీళ్లకు ముందు నేనేమీ పెట్టలేదు.

తర్వాత ఆరు సెకన్ల ముక్క ఒకటి తీసి ముందు కలిపాను. తల్లి బియ్యం మూటను, కొడుకు సర్టిఫికెట్ల ఫైలును అటక మీదికి ఎక్కిస్తుంది. అంతే. మళ్లీ ఆ పల్లెకే పోయి చూపించాను. ఆ రైతే నన్నడిగాడు, "మూట తడవలేదు కదా?" అని.

వీడియోను విప్పి చూడాలనుకునేవాళ్లు ముందు సౌండ్ ఆపి ఒకసారి చూడండి. రెండోసారి ఏదో ఒక వస్తువును పట్టుకుని దాని వెంటే పోండి. మొదట ఎక్కడ కనిపించింది, మళ్లీ ఎప్పుడు వచ్చింది, ఈలోపు దానికేమైంది? టిఫిన్ క్యారియర్ ఒక్కసారే కనిపిస్తే అది క్యారియరే. బెంగళూరు రైలెక్కే కొడుకు చేతిలో నిండుగా ఒకసారి, అక్కడి రూములో మూత తీయకుండా ఒకసారి, చివరికి అమ్మ వంటింటి గూట్లో ఖాళీగా ఒకసారి కనిపించిందనుకోండి, ఆ మూడింటి మధ్య జరిగిందే కథ. పాటలో ఒక్క మాట కూడా దాని గురించి ఉండక్కర్లేదు.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది, పాటలో మాటలనే తెరమీద చూపించాలని. ఆండ్రూ గుడ్విన్ అనే పరిశోధకుడు 1992లోనే మూడు దారులు చెప్పాడు: పాట చెప్పిందే చూపడం, పాట చెప్పినదానికి ఇంకొంత కలపడం, పాటతో సంబంధం లేకుండా నడవడం. మూడూ సరైనవే.

అపోహ: గండికోటలోనో బెలూం గుహల్లోనో తీస్తే వీడియోకు బరువు వస్తుంది. రాదు. పెన్నా లోయ అంచున ఆ మనిషి ఎందుకు నిలబడ్డాడో ముందు తెలియాలి. తెలియకపోతే అది టూరిజం వీడియో.

అపోహ: త్రిభుజమో ఒంటి కన్నో కనిపిస్తే అది ఇల్యూమినాటి అనే రహస్య సంఘం గుర్తు. ఈ పుకారుతో నాకు విసుగు పుట్టింది. ఇల్యూమినాటి 1776లో జర్మనీలోని బవేరియాలో పుట్టి, పదేళ్లు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వం నిషేధించిన సంఘం. కడప నుంచి ఒక తల్లి ఫోన్ చేసి ఏడ్చారు. కొడుకు వీడియోలో ఒక కన్ను మూశాడని, అది సైతాను పూజ అని ఎవరో వాట్సాప్‌లో తిప్పారట. నేను ఆ షాట్ చూశాను. పిల్లవాడు మేడ మీద ఎదురెండలో నిలబడి ఉన్నాడు. "అమ్మా, ఎండకు కన్ను మూసుకున్నాడు, అంతే. భయపడొద్దు" అని రెండుసార్లు చెప్పాక ఆమె కుదుటపడ్డారు. పంపినవాళ్లు ఆ ఏడుపు వినలేదు.

మొదటిసారి చూసి అర్థం కాలేదని తమకు తెలివి లేదనుకునేవాళ్లూ ఉన్నారు. దయచేసి అలా అనుకోవద్దు. నేనూ కొన్నిటిని ఐదారుసార్లు చూస్తాను.

ఆదోని అబ్బాయితో ఆ రోజు చీకటి పడేదాకా కూర్చున్నాను. గుర్రం తీసేశాం. గడియారం, పావురాలు తీసేశాం. అద్దం దగ్గర ఆగి, ఇది ఎవరిది నాయనా అని అడిగాను.

"మా నాయనది అన్నా. దీంట్లోనే గడ్డం గీసుకునేవాడు. ఆయన పోయినాక ఇంట్లో ఊరికే పడి ఉంటే, సింబల్‌గా బాగుంటుందని పగలగొట్టినాం."

పాట వాళ్ల నాన్న మీదే. ఆ అద్దం తగిలించిన మేకు ఇంకా గోడకే ఉందట. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ గోడను, ఆ మేకును ఫోన్‌తోనే తీసుకొస్తానన్నాడు. పాట దాంతో మొదలుపెడతాం. పగిలిన అద్దం చివర్లో వస్తుంది.