ఖాళీ కడుపును ఊడ్చే మోటిలిన్

తిన్నది అరిగిపోయాక పేగులకు పనుండదనుకుంటాం. ఊడ్పు పని మొదలయ్యేది అప్పుడే. సుమారు 90 నుంచి 120 నిమిషాలకోసారి జీర్ణాశయం కింది భాగంలో బలమైన సంకోచాలు మొదలై, అలలా చిన్నపేగు చివరిదాకా సాగుతాయి. అరగని పీచు, రాలిన కణాలు, బ్యాక్టీరియా అన్నీ పెద్దపేగు వైపు కదులుతాయి. ఈ ఊడ్పు దెబ్బతింటే చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగి ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. జీర్ణాశయంలో ఈ అలను రేపేది మోటిలిన్ అనే హార్మోను. ఏదైనా తినగానే అల ఆగిపోతుంది. గంటకోసారి చిరుతిళ్లు నమిలేవారికి పగలు ఊడ్పు సరిగ్గా సాగదు.

కెనడాలో జాన్ బ్రౌన్ బృందం 1970ల తొలినాళ్లలో పంది పేగు నుంచి మోటిలిన్‌ను వేరుచేసింది. మనిషిలోనూ అదే నిర్మాణం: 22 అమైనో ఆమ్లాల గొలుసు. చిన్నపేగు పైభాగపు లోపలి పొరలోని కణాలు ముందు 115 అమైనో ఆమ్లాల ప్రోటీన్ తయారుచేసి, అందులోంచి దీన్ని కత్తిరిస్తాయి. గొలుసు అంతటికీ సమాన ప్రాధాన్యం లేదు. ఫినైల్‌అలనీన్, వాలీన్, ప్రోలీన్, ఐసోల్యూసీన్‌తో మొదలయ్యే ముందుకొసే గ్రాహకాన్ని, అంటే హార్మోను సంకేతాన్ని అందుకునే కణంలోని ప్రోటీన్‌ను, మేల్కొలుపుతుంది. మొదటి ఫినైల్‌అలనీన్ తీసేస్తే చాలు, హార్మోను శక్తి దాదాపు పోతుంది. మెలితిరిగిన వెనకభాగం పట్టుకు ఊతం మాత్రమే.

‘కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి’ అంటాం కానీ, ఎలుకల్లో పనిచేసే మోటిలిన్ జన్యువే లేదు. పరిశోధన చాలాకాలం కుక్కలు, కుందేళ్ల మీదే సాగింది. తర్వాత జపాన్ పరిశోధకులు మన ఇళ్లలో తిరిగే చుంచును ఎంచుకున్నారు. ఎలుకలా కనిపించినా అది ఆ జాతి కాదు, దానికి మోటిలిన్ ఉంది.

ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నవారికి కడుపునొప్పి, వాంతులు రావడానికి ఒక ముఖ్య కారణం మోటిలిన్ గ్రాహకమే. మోటిలిన్‌లా అమైనో ఆమ్లాల గొలుసు (పెప్టైడ్) కాకపోయినా ఆ మందు దాన్ని ఉత్తేజపరుస్తుంది. తక్కువ మోతాదులో జీర్ణాశయాన్ని ఖాళీ చేయిస్తుంది. మోతాదు పెరిగితే సంకోచాలు లయ తప్పి మెలిపెడతాయి. మధుమేహంతో జీర్ణాశయం మందగించినవారికి దీన్ని ఇస్తారు. కానీ వరసగా వాడితే గ్రాహకాలు కణంలోపలికి జారుకుని, కొన్ని రోజులు, వారాల్లోనే ప్రభావం తగ్గుతుంది. గుండె లయ తప్పే ప్రమాదమూ ఉంది కాబట్టి సొంతంగా వేసుకోకూడదు. ఒక్క మోతాదుతో పని తీరే చోట ఇది బాగా నిలిచింది: జీర్ణాశయంలో తీవ్ర రక్తస్రావమైనప్పుడు, ఎండోస్కోపీకి 30 నుంచి 120 నిమిషాల ముందు 250 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కిస్తే, గడ్డకట్టిన రక్తం కిందికి జారి పుండు కనిపిస్తుంది.