అవార్డు వచ్చిందన్నారా? ఎవరు చదివారు, డబ్బు ఎటు నుంచి ఎటు పోయింది?

హైదరాబాద్‌లో కమ్యూనికేషన్ పీజీ, పీహెచ్‌డీ పిల్లలకు పాఠాలు చెబుతూ, వాళ్ళ పేపర్లు దిద్దుతూ చాలా ఏళ్ళు గడిచాయి. ఈ మధ్య ఒక సంగతి నన్ను బాగా కలవరపెడుతోంది. నిజంగా మంచి పని చేసిన పిల్లలు తమకొచ్చిన గుర్తింపు ఎంత విలువైనదో తెలియక ఊరుకుంటున్నారు, ఇంకొందరేమో ఎందుకూ పనికిరాని సర్టిఫికెట్ కోసం అమ్మానాన్నల డబ్బు తగలేస్తున్నారు. ఇంట్లోవాళ్ళకు ఈ లెక్క తెలియకపోవడం సహజమే, కానీ ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునే పెద్దవాళ్ళలో కూడా కొందరికి తెలియడం లేదు. నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కమ్యూనికేషన్ అంటే స్పోకెన్ ఇంగ్లీషు, లేదంటే టీవీ యాంకరింగ్. దానిలో రీసెర్చ్ ఏముంటుంది, దానికి అవార్డులేంటి?

ఉస్మానియాలో జర్నలిజం శాఖ మొదలై డెబ్భై ఏళ్ళు దాటింది, అది 1954 నాటిది. సెంట్రల్ యూనివర్సిటీలో కళలతో పాటు కమ్యూనికేషన్ కూడా నేర్పే సరోజినీ నాయుడు స్కూల్ 1988లో వచ్చింది, ఊరివాళ్ళే నడుపుకునే కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో చైర్ అనే పరిశోధనా పీఠం 2011 నుంచి అక్కడే ఉంది. 1957లో పుట్టిన ఐఏఎంసీఆర్ అనే అంతర్జాతీయ పరిశోధకుల సంఘం 2014 జూలైలో తన సదస్సును ఈ ఊళ్ళోనే పెట్టుకుంది. ఎవరి మాట ఎవరికి చేరుతోంది, ఎవరి మాట మధ్యలోనే ఆగిపోతోంది, ఎందుకు ఆగిపోతోంది అనేదే మా చదువంతా. అందులో పరిశోధించడానికి ఒక జీవితం చాలదు.

అపోహ: ఇంగ్లీషు దంచేవాళ్ళకే అవార్డులు. తెలుగు మీడియం పిల్లలకు ఆశలేదు.

దీని గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఈ ఒక్క భయంతోనే ఎంతోమంది సదస్సులకు పరిశోధన పేపర్ పంపడమే మానేస్తారు.

జహీరాబాద్ వైపు మాచ్‌నూర్‌లో సంగం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. దళిత ఆడవాళ్ళు నడిపే రేడియో అది. ఆ ప్రాంతమంతా మా రంగంలో పనిచేసేవాళ్ళకు పెద్ద బడి లాంటిది. మా దగ్గర చదివిన ఒకమ్మాయి ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు రేడియో ఎలా వింటారన్నదాని మీద పని చేసింది. తెలుగు మీడియంలో చదువుకున్న పిల్ల, ఇంగ్లీషు రాయాలంటే చెయ్యి వణికేది. మొదటిసారి ఒక అంతర్జాతీయ సదస్సుకు పేపర్ పంపితే తిప్పి పంపారు. పేపర్ చదివినవాళ్ళు రాసి పంపిన అభిప్రాయాలు, అంటే రివ్యూలు, చూసి రెండు రోజులు క్లాసుకు రాలేదు. మూడో రోజు వచ్చాక ఇద్దరం కలిసి ఆ రివ్యూలు లైను లైను చదివాం. ఇంగ్లీషు గురించి ఒక్క ముక్క లేదు. ఒక రివ్యూయర్ మాత్రం ఒకచోట ఆగి అడిగారు, ఇక్కడ మీరు ఇన్ఫర్మేషన్ అని రాశారు, మీతో మాట్లాడిన ఆ పల్లె పెద్దావిడ తన భాషలో అన్న మాట ఏమిటి అని.

నోట్‌బుక్ తీసి చూశాం. ఆ పెద్దావిడ అన్నది "రేడియోల మా ముచ్చటే చెప్తరు బిడ్డా" అని. ముచ్చటను ఇన్ఫర్మేషన్ చేసేసింది మా అమ్మాయి! ముచ్చట అంటే మాట, సంగతి, నలుగురు కూర్చుని చెప్పుకునే కబురు, ఆశపడి తీర్చుకునే కోరిక కూడా. ఇవన్నీ ఒక్క మాటలో ఉన్నాయి. క్యాంటీన్‌లో టీలు చల్లారిపోతుంటే ఆ సాయంత్రమంతా ఆ ఒక్క మాట మీదే కూర్చున్నాం. ఆ తర్వాత ఆ పిల్ల పేపర్ మొత్తం తిరగరాసింది. ముచ్చట అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చకుండా అలాగే ఉంచి, దాని చుట్టూ వాదం కట్టింది. మరుసటి ఏడు అదే సదస్సులో, తన అంశానికి ఉన్న విభాగంలో విద్యార్థులు పంపిన పేపర్లలో మొదటి స్థానం దానికి వచ్చింది. వ్యాకరణం సరిచేయడానికి పదిమంది దొరుకుతారు, ఆ పల్లెలో కూర్చుని ఆ మాట వినగలిగే చెవి దొరకదు.

అపోహ: పైన ఎవరో తెలిసుండాలి. రికమండేషన్ లేనిదే ఏ అవార్డూ రాదు.

కొన్ని చోట్ల పైరవీలు నడవవని నేను అనను. కానీ మా రంగంలో విద్యార్థి పేపర్ అవార్డులు ఎలా వస్తాయో ఒకసారి వినండి. 1950లో మొదలైన ఐసీఏ (ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్) లాంటి పరిశోధకుల సంఘాల్లో ఒక్కో అంశానికి ఒక్కో విభాగం ఉంటుంది: రాజకీయ కమ్యూనికేషన్, ఆరోగ్య కమ్యూనికేషన్, జర్నలిజం, ఇలా. మీరు పూర్తి పేపర్ పంపేటప్పుడు మీ పేరు, కాలేజీ పేరు ఎక్కడా కనిపించకూడదు, ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా పేరు తీసేయాలి. చదివేవాళ్ళకు మీరెవరో తెలియదు, మీకు వాళ్ళెవరో తెలియదు. వాళ్ళు మార్కులు వేస్తారు, రాతపూర్వకంగా కారణాలు చెబుతారు. ఎక్కువ మార్కులు వచ్చిన పేపర్లలోంచి ఆ విభాగంవాళ్ళు టాప్ స్టూడెంట్ పేపర్‌ను ఎంచుకుంటారు. చేతికొచ్చేది ఒక కాగితం, మహా అయితే కొంచెం డబ్బు. దినపత్రికలో ఫొటో పడదు, శాలువా కప్పరు. అందుకే ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాదు. కానీ ముఖం తెలియని మనుషులు మీ ఇరవై ఐదు పేజీలు చదివి బాగుందన్నారు, పరిశోధకుడికి అంతకు మించిన గుర్తింపు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

అపోహ: సర్టిఫికెట్లు ఎన్ని ఎక్కువుంటే సీవీ అంత బలం.

పోయినేడాది మధ్యాహ్నం భోజనం వేళ ఒక మొదటి సంవత్సరం పీహెచ్‌డీ అబ్బాయి ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఉత్తమ పరిశోధకుడు అవార్డుకు ఎంపికయ్యారంటూ మెయిల్. చదివాను. వాడింకా ఏం పరిశోధిస్తాడో చెప్పే సినాప్సిస్ కూడా ఇవ్వలేదు, మెయిల్‌లో మాత్రం డియర్ ప్రొఫెసర్ అని ఉంది. అదే వేదిక మీద సివిల్ ఇంజనీరింగ్, హోమియో, వ్యవసాయం, కమ్యూనికేషన్, అన్నిటికీ అవార్డులట. కింద చిన్న అక్షరాల్లో 8,500 రూపాయల ఫీజు, జీఎస్టీ వేరు, మెమెంటో కొరియర్ ఖర్చు వేరు, పది రోజుల్లో కట్టాలి.

"వాళ్ళకు నువ్వేం పంపావు నాన్నా?" అన్నాను.

"ఏం పంపలేదు మేడమ్."

"మరి ఏం చదివి ఇచ్చారు?"

వాడు తల దించుకున్నాడు. అప్పటికే ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాడట, వాళ్ళ నాన్న కాలనీ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశారు. ఆ తండ్రికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాల్సిన మాట తలుచుకుంటే నాకే కడుపులో దేవినట్టయింది. తప్పు వాడిది కాదు. అవార్డు అంటే ఏమిటో మేం ముందే చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే ఈ మాట చెబుతున్నాను.

ఏ అవార్డు వచ్చినా రెండే ప్రశ్నలు వేసుకోండి: నా పనిని ఎవరైనా చదివారా? డబ్బు వాళ్ళ నుంచి నాకు వస్తోందా, నా నుంచి వాళ్ళకు పోతోందా? సదస్సులకు రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, అది వేరే సంగతి. పేపర్ ఎంపికయ్యాక, వచ్చి పాల్గొనే ప్రతివాళ్ళూ కట్టేది అది. అవార్డు ఇవ్వడానికే డబ్బు అడిగారంటే దాన్ని సీవీలో పెట్టకండి. తెలిసిన బోర్డు దాన్ని చూసిందంటే దాని పక్కనున్న మంచి పని మీద కూడా అనుమానం వస్తుంది.

అపోహ: జేఆర్ఎఫ్ వస్తే చాలు, అదే అన్నిటికంటే పెద్ద అవార్డు.

జేఆర్ఎఫ్ అంటే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వాళ్ళ నెట్ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్. అది చాలా అవసరమైనది, దాన్ని నేను తక్కువ చేయను. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. అదే నెట్ ఫెలోషిప్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్ళకు యూజీసీ ఇచ్చేది 8,000. హాస్టల్ దాటి గచ్చిబౌలిలో గది అద్దెకు తీసుకోవాలంటే ఈ రెండింటికీ తేడా ఏమిటో ఇక్కడ చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ నెట్ అనేది మూడు గంటల్లో 150 ప్రశ్నలకు సరైన జవాబు గుర్తుపట్టే పరీక్ష, రాసినవాళ్ళలో 6 శాతం మందికే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది, వాళ్ళలోనూ కొందరికే జేఆర్ఎఫ్. అది మీ చదువుకు తిండి పెడుతుంది. మీ పరిశోధన ఎలా ఉందో మాత్రం చెప్పదు. జేఆర్ఎఫ్ రాలేదని తనను తాను పనికిరానిదాన్ని అనుకున్న ఒకమ్మాయి మా దగ్గర రాసిన థీసిస్ ఇప్పటికీ కొత్తవాళ్ళకు నేను చూపించే మొదటి థీసిస్. గోల్డ్ మెడల్ సంగతీ ఇంతే, అది పరీక్షల మార్కులకు వచ్చేది.

అపోహ: రెండు పేపర్లు అచ్చు కాకపోతే థీసిస్ తీసుకోరు, కాబట్టి డబ్బు కట్టైనా ఎక్కడో ఒకచోట వేయించుకోవాలి.

2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చు కావాలన్న తప్పనిసరి షరతు తీసేశారు. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ జాబితా అయిన కేర్ లిస్టును కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమంటుందో మాత్రం ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, సీనియర్ చెప్పాడని ఊరుకోకండి.

అపోహ: విదేశీ సదస్సులు డబ్బున్నవాళ్ళకే.

ఖర్చు నిజమే, టికెట్టూ వీసా కలిపితే సామాన్య కుటుంబం తట్టుకునేది కాదు. అయితే ఐసీఏ లాంటి సంఘాల్లో ఆదాయం తక్కువున్న దేశాలవాళ్ళకు ఫీజు తగ్గుతుంది, విద్యార్థులకు ఇంకా తగ్గుతుంది, పేపర్ బాగా నచ్చితే ప్రయాణ ఖర్చులకు కొంత ఇచ్చే గ్రాంట్లూ ఉంటాయి. వాటికి విడిగా అప్లై చేయాలి, ఆ సంగతి తెలియకే మనవాళ్ళు చాలామంది వదిలేసుకుంటున్నారు. పీహెచ్‌డీ మధ్యలో ఉన్నవాళ్ళకు ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో ఉండి పని చేసుకోవచ్చు.

ఐసీఏ పేపర్ల గడువు సాధారణంగా నవంబర్ మొదట్లో పడుతుంది, అంటే దసరా సెలవులే రాయడానికి అసలు సమయం. ఐఏఎంసీఆర్‌కు అబ్‌స్ట్రాక్ట్ చాలు, అది ఎక్కువగా ఫిబ్రవరిలో. మా పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, బతుకమ్మకు ఊరెళ్ళే ముందు డ్రాఫ్ట్ ఎంత పచ్చిగా ఉన్నా సరే నా టేబుల్ మీద పెట్టి వెళ్ళండి, మీ ఫీల్డ్ నోట్‌బుక్ కూడా దానితో పాటే పెట్టండి.