తలసీమియా: రక్తం ఎక్కించే అవసరాన్నే తగ్గించే మందు కోసం

బీటా తలసీమియా అంటే, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ సరిపడా తయారుకాని వంశపారంపర్య జబ్బు. ఇది తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి ఐదు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. 1925లో డెట్రాయిట్ పిల్లల వైద్యుడు థామస్ కూలీ ఈ జబ్బును వివరించే నాటికి ఆ దారీ లేదు. పిల్లలు చిన్నతనంలోనే పోయేవారు. క్రమం తప్పకుండా రక్తం ఎక్కించడం మొదలయ్యాక బతికారు. కానీ ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే ఏర్పాటు శరీరంలో లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది.

అందుకే దశాబ్దాల పాటు మందుల పరీక్షలు ఐరన్ చుట్టూనే తిరిగాయి. 1960లలో ఐరన్‌ను బయటికి పంపే మందు డెఫెరాక్సమిన్ వచ్చింది. తర్వాత దాన్ని చర్మం కింద సూది గుచ్చి, రాత్రంతా చిన్న పంపుతో ఎక్కించడం మొదలైంది. వారంలో కనీసం ఐదు రాత్రులు. పెరిగే పిల్లలు దీన్ని మానేయడంలో వింతేముంది? అదే పనికి మింగే మాత్ర డెఫెరిప్రోన్‌కు భారత్‌లో 1990ల మధ్యలోనే అనుమతి దొరికింది. అమెరికాలో 2011 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మాత్రను పరీక్షిస్తున్న టొరంటో డాక్టర్ నాన్సీ ఒలివియెరి, కొందరిలో ఫలితం తగ్గుతోందని అనుమానించి ఆ సంగతి రోగులకు చెప్పాలన్నారు. 1996లో ఆ మాత్ర తయారీదారు అపోటెక్స్ కంపెనీ ట్రయల్స్ ఆపేసి, బయటపెడితే కోర్టుకు వెళతామని హెచ్చరించింది. మందు నేటికీ వాడుకలో ఉంది. అయినా రోగికి చెప్పి తీరాలన్న ఆమె పట్టుదల న్యాయమైనదే.

రక్తం అవసరాన్నే తగ్గించాలన్న ప్రయత్నం 1982లో గట్టిగా మొదలైంది. అజాసైటిడిన్ అనే మందు ఇస్తే, పుట్టాక దాదాపు ఆగిపోయే పిండదశ హిమోగ్లోబిన్ ఒక తలసీమియా రోగిలో మళ్లీ పెరిగింది. అది పెరిగితే హిమోగ్లోబిన్ లోటు కొంత తీరుతుంది. తర్వాత ఇదే పనికి వాడిన హైడ్రాక్సీయూరియా, సికిల్ సెల్ అనే మరో హిమోగ్లోబిన్ జబ్బులో బాగా పనిచేసింది. క్రమంగా రక్తం ఎక్కించుకునే తలసీమియా రోగుల్లో మాత్రం ఫలితం ఒకేలా లేదు.

మూడు వారాలకోసారి ఇంజెక్షన్‌గా ఇచ్చే లస్పాటెర్సెప్ట్‌ను 336 మంది పెద్దవారిపై పరీక్షించారు. మందు తీసుకున్నా, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నా, అందరికీ అవసరమైన రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. రక్తం అవసరం కనీసం మూడో వంతు తగ్గినవారు మందు గుంపులో 21.4 శాతం, రెండో గుంపులో 4.5 శాతం. 2019లో అమెరికా అనుమతించింది. ఐదుగురిలో ఒకరికే ఆ మేలు దక్కినా, రక్తదాతల కోసం వెతికే కుటుంబాలకు అది చిన్న విషయం కాదు.

ధర మాత్రం మన దగ్గర చాలామందికి అందదు. రక్తం అవసరాన్ని తగ్గించేందుకు చవకైన థాలిడొమైడ్‌ను భారత్, పాకిస్తాన్, చైనాల్లో కొందరు డాక్టర్లు వాడుతున్నారు. గర్భిణులు తీసుకుంటే బిడ్డ అవయవలోపాలతో పుడుతుందని 1960ల మొదట్లోనే లోకానికి తెలిసిన మందు ఇది. అందుకే దీన్ని పెద్ద ఎత్తున, గట్టి నిఘాతో పరీక్షించాలి. ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. పేటెంట్ లాభం లేని పాత మందుకు కంపెనీలు ముందుకు రావు.