టెక్సస్ చలి, కరెంటు గొడవ: 2011లోనే రాసిపెట్టిన సంగతి

డాలస్ వైపు మళ్ళీ ఫ్రీజ్ వార్నింగ్ రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో పాత గొడవ కొత్తగా మొదలైపోయింది. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు పోయింది కదా, గాలిమరలు గడ్డకట్టబట్టే అలా చీకటైందని ఒకాయన, కాదు గ్యాస్ కంపెనీలే ముంచాయని ఇంకొకాయన, ఈసారి బోలెడు కరెంటు లాగే డేటా సెంటర్లు కూడా తోడయ్యాయి కదా ఇంకెలా ఉంటుందో అని మూడో ఆయన. ఆ ఫిబ్రవరిలో డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉన్నవాళ్ళకి ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు, మంచు గిన్నెల్లో కరిగించి టాయిలెట్లో పోసుకున్న రోజులు ఎవరు మర్చిపోతారు. అందుకని ఆ కథంతా మొదట్నుంచి చెప్పను. తప్పెవరిది అనే దగ్గర మాత్రం అందరూ 2021లోనే వెతుకుతున్నారు, నేను చదివినంతలో అసలు మలుపు పదేళ్ళ ముందే ఉంది, 2011 ఫిబ్రవరి 2న.

ఆ వారం డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. ఊరంతా మంచు, ఐసు. 2వ తారీఖు తెల్లవారుజామున పవర్ ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవడం, అంటే వాటంతట అవే ఆగిపోవడం మొదలైంది, టెక్సస్ గ్రిడ్ నడిపే ఎర్కాట్‌కి వేరే దారి లేక 4,000 మెగావాట్ల లోడ్ తీసేయాల్సి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే కరెంటు కోత, వంతులవారీగా. దాదాపు 32 లక్షల కనెక్షన్లకి ఆ దెబ్బ తగిలింది. కానీ మధ్యాహ్నానికల్లా సర్దుకుంది కాబట్టి, ఆదివారం ఆట కూడా జరిగిపోయింది కాబట్టి, జనం మర్చిపోయారు.

మర్చిపోనిది రెండు సంస్థలు, ఫెర్క్, నెర్క్. ఒకటి కరెంటు మీద కేంద్రం తరఫున ఉండే కమిషన్, ఇంకోటి గ్రిడ్ భద్రత చూసే సంస్థ. ఇద్దరూ కలిసి విచారణ చేసి అదే ఏడాది ఆగస్టులో మూడొందల పేజీలు దాటిన రిపోర్టు ఇచ్చారు. ఈ గొడవలో నోరు విప్పే ప్రతివాళ్ళూ కనీసం దాని సారాంశమైనా చదవాలి.

అందులో ఉన్నది చాలా మామూలు విషయం, అదే నన్ను బాధపెడుతుంది. ప్లాంట్లో బాయిలరో టర్బైనో పగిలిపోలేదు. సెన్సింగ్ లైన్ అని వేలి లావు గొట్టం ఒకటి ఉంటుంది, పైపులో ప్రెషర్ ఎంతుందో మీటర్‌కి చెప్పడం దాని పని, అందులో నీళ్ళు పారవు, కదలకుండా నిలబడి ఉంటాయి. నిలబడ్డ నీళ్ళు గడ్డకడితే మీటర్‌కి తప్పు రీడింగ్ వెళ్తుంది, ఏదో ప్రమాదమనుకుని ప్లాంటు తనంతట తనే ఆగిపోతుంది. చలి దేశాల్లో ఇవన్నీ గోడల మధ్య, కప్పు కింద ఉంటాయి. టెక్సస్‌లో ఎండలకి వేడి బయటికి పోవాలని ప్లాంట్లని ఆరుబయటే కట్టారు, గాలి నేరుగా వచ్చి కొడుతుంది. అక్కడక్కడ ఇన్సులేషన్ ఊడిపోయి ఉంది, గొట్టం చుట్టూ వేడి ఇచ్చే తీగ కొన్నిచోట్ల లేదు, కొన్నిచోట్ల ఉన్నా పనిచెయ్యలేదు. వాల్వులు, నీటి గొట్టాలు, బయట గ్యాస్ బావుల మూతులు, అన్నిటిదీ ఇదే కథ. లక్షల ఇళ్ళు చీకటైంది ఈ గొట్టాలకి సరైన చుట్టు లేక.

పైగా ఇది కొత్త కాదని ఆ రిపోర్టే చెప్తోంది. 1989 డిసెంబర్‌లో కూడా ఇవే గొట్టాలు, ఇవే వాల్వులు, అప్పుడూ కోతలు. 1990లో రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ ఇలా ఇలా చేసుకోండి అని సలహాలిచ్చింది, సలహాలే, రూలు కాదు. కొన్నాళ్ళు పాటించారు, చలి రాని ఏళ్ళు గడిచేకొద్దీ వదిలేశారు.

మరి 2011 తర్వాతైనా రూలు పెట్టారా? పెట్టలేదు. చలికి మేం ఎలా సిద్ధమవుతున్నామో రాసి ఇవ్వండి అన్నారు, ఎర్కాట్ వాళ్ళు కొన్ని ప్లాంట్లకెళ్ళి చూసొచ్చారు, కానీ చెయ్యని వాళ్ళని ఏమీ అనే అధికారం లేదు. కంపెనీల వాదన కూడా చెప్పాలి కదా: టెక్సస్ మార్కెట్‌లో అమ్మిన కరెంటుకే డబ్బులు, రెడీగా ఉన్నందుకు ఎవరూ ఇవ్వరు, పదేళ్ళకోసారి వచ్చే చలి కోసం పెట్టిన ఖర్చు తిరిగి రాదు, పక్క కంపెనీ పెట్టకపోతే మేం నష్టపోతాం అని. లెక్క ప్రకారం అది అబద్ధం కాదు. లెక్క అలా ఉన్నప్పుడే కదా ప్రభుత్వం రూలు పెట్టాల్సింది.

పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించక్కర్లేదు, ఎల్ పాసో ఉంది. అది టెక్సస్‌లోనే ఉన్నా ఎర్కాట్‌లో లేదు, పడమటి రాష్ట్రాల గ్రిడ్‌కి కలిసి ఉంటుంది. 2011లో వాళ్ళూ బాగా దెబ్బతిన్నారు. తర్వాత డబ్బు ఖర్చుపెట్టి ప్లాంట్లు చలికి తట్టుకునేలా చేసుకున్నారు, గ్యాస్ ఆగితే వేరే ఇంధనంతో నడిచే ఏర్పాటు కూడా పెట్టుకున్నారు. 2021లో రాష్ట్రమంతా రోజుల తరబడి చీకట్లో ఉంటే ఎల్ పాసోలో ఓ మూడు వేల ఇళ్ళకి కొన్ని నిమిషాలు కరెంటు పోయింది, అంతే.

ఎర్కాట్ పక్క గ్రిడ్‌లకి కలవకుండా విడిగా ఉండటమే మొత్తం పాపం అనేవాళ్ళు ఉన్నారు. నాకు సగమే నిజమనిపిస్తుంది. 2012 జూలైలో ఉత్తర భారతం మొత్తం చీకటైనప్పుడు మన తెలుగు జిల్లాలకి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి దక్షిణ గ్రిడ్ విడిగా ఉండేది, 2013 డిసెంబర్ 31న గానీ కలవలేదు. విడిగా ఉంటే ఒక్కోసారి రక్షణ, ఒక్కోసారి శిక్ష. విడిగా ఉంటాం అనుకున్నవాళ్ళు ఇల్లు ఇంకా గట్టిగా కట్టుకోవాలి, అది చెయ్యలేదు.

ఇప్పుడు 2021కి వద్దాం. ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో కోతలు మొదలయ్యాయి, రెండు కొట్టే లోపే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (వాడకానికి తగ్గ ఉత్పత్తి లేకపోతే పడిపోయే కొలత ఇది) 60 హెర్ట్జ్ నుంచి 59.3కి పడిపోయింది. 59.4 కింద తొమ్మిది నిమిషాలు ఉంటే మిగిలిన ప్లాంట్లు కూడా వాటంతట అవే ఆగిపోయేవి, గ్రిడ్ మొత్తం కూలిపోతే మళ్ళీ లేపడానికి వారాలు పట్టేది. ఆ రాత్రి 59.4 కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. తప్పించుకోవడానికి తీసేసిన లోడ్ 20,000 మెగావాట్లు, 2011కి అయిదు రెట్లు. 45 లక్షల ఇళ్ళు, వ్యాపారాలు. అధికారిక లెక్కలో 246 మంది చనిపోయారు, నిజం అంతకన్నా చాలా ఎక్కువని బయటి లెక్కలు చెప్తున్నాయి. తెల్లారి అయిదున్నరకి సౌత్ టెక్సస్ అణు విద్యుత్ ప్లాంట్లో ఒక యూనిట్ ట్రిప్ అయింది. కారణం గడ్డకట్టిన సెన్సింగ్ లైన్. పదేళ్ళ కింద రిపోర్టులో రాసిన అదే గొట్టం.

"ఇంత చలి ఎవరు ఊహిస్తారు" అనే మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. డాలస్‌లో 2021లో మైనస్ 19 సెల్సియస్ దాకా వెళ్ళింది. 1989లో మైనస్ 18. 1899లో మైనస్ 22. 2021 నవంబర్‌లో వచ్చిన కొత్త ఫెర్క్, నెర్క్ రిపోర్టు ఇంకో మాట చెప్పింది, గడ్డకట్టి ఆగిపోయిన కేసుల్లో 81 శాతం ఆ ప్లాంటు తట్టుకోగలదని వాళ్ళే కాగితం మీద రాసుకున్న చలికి ఇంకా చేరకముందే ఆగిపోయాయి.

గాలిమరల సంగతి కూడా అందులోనే ఉంది. రెక్కల మీద ఐసు పేరుకుని చాలా ఆగాయి, నిజమే. దెబ్బతిన్న యూనిట్లలో 27 శాతం గాలివి. గ్యాస్‌వి 58 శాతం. చలికాలం ప్లానులో గాలి మీద పెట్టుకున్న లెక్కే తక్కువ, నమ్ముకున్నది గ్యాస్‌ని. గవర్నర్ టీవీలో గాలిని, సోలార్‌ని అన్నారు, మర్నాడే అన్ని రకాలూ ఫెయిలయ్యాయని సర్దారు, కానీ మొదటి మాటే జనంలో ఉండిపోయింది.

ఇంక గ్యాస్ వాళ్ళ వాదన, ఇప్పుడు గొడవంతా దీని మీదే: "మా బావులకి, కంప్రెసర్లకి మీరే కరెంటు పీకేశారు, గ్యాస్ ఎలా వస్తుంది?" ఇందులో నిజముంది. ఆ రాత్రి మా ఇంట్లో స్టవ్ వెలుగుతోంది, గ్యాస్ వస్తోంది, హీటర్ కూడా గ్యాస్‌దే, కానీ ఆన్ అవదు, వేడిగాలి తోసే ఫ్యాన్‌కి కరెంటు కావాలి. పిల్లలకి రెండేసి స్వెటర్లు వేసి ఆ స్టవ్ పక్కనే కూర్చోబెట్టాం, కిటికీ కొంచెం తెరిచి పెట్టి. రాష్ట్రం మొత్తం అదే స్థితిలో ఉంది, గ్యాస్‌కి కరెంటు కావాలి, కరెంటుకి గ్యాస్ కావాలి. కానీ మాది ముఖ్యమైన సర్వీసు, కరెంటు తియ్యొద్దు అని చెప్పడానికి ఒక ఫారం ఉండేది, చాలా గ్యాస్ కంపెనీలు అది నింపి ఇవ్వనే లేదు. పైగా కోతలు మొదలవక ముందే, రోజుల ముందే, బావుల మూతుల దగ్గర గడ్డకట్టి గ్యాస్ తగ్గడం మొదలైంది. ఏది ముందు అన్నదానికి రిపోర్టులో జవాబుంది, చలే ముందు, కరెంటు పోవడం తర్వాత, అది సమస్యని పెంచింది.

2021 జూన్‌లో చట్టం వచ్చింది, ప్లాంట్లకి చలి ఏర్పాట్లు తప్పనిసరి, చెయ్యకపోతే రోజుకి పది లక్షల డాలర్ల దాకా జరిమానా. సలహా రూలు అవడానికి 1990 నుంచి 31 ఏళ్ళు పట్టింది. దాని ఫలితం కనిపించింది కూడా, 2022 క్రిస్మస్ ముందు చలికి టెన్నెస్సీ చుట్టుపక్కల కరెంటు ఇచ్చే టెన్నెస్సీ వ్యాలీ అథారిటీ తన చరిత్రలోనే మొదటిసారి కోతలు పెట్టింది, టెక్సస్ గ్రిడ్ నిలబడింది. కానీ గ్యాస్ వైపు అంత గట్టిగా లేదు. పేరు రైలుదైనా టెక్సస్‌లో గ్యాస్ సంగతులు చూసే రైల్‌రోడ్ కమిషన్ మొదట రాసిన రూల్లో 150 డాలర్లు కట్టి మినహాయింపు అడగొచ్చని పెట్టారు, గోల అయ్యాక ఆ సందు మూశారు. ఇప్పటికీ ముఖ్యమైనవిగా గుర్తించి మ్యాపులో చేర్చిన బావులు, పైప్‌లైన్లకే ఆ రూలు, మిగతావాటికి లేదు. 2021లో ఆ వారం కరెంటు టోకు రేటు మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్ల దగ్గర పెట్టి ఉంచినందుకు పబ్లిక్ యుటిలిటీ కమిషన్ మీద వేసిన కేసు 2024లో రాష్ట్ర సుప్రీం కోర్టులో కమిషన్ వైపే తేలింది. ఆ వారం ఇళ్ళకి గ్యాస్ ఇచ్చే కంపెనీలు మండిపోయే రేట్లకి కొన్న గ్యాస్ బాకీ సుమారు 3.5 బిలియన్ డాలర్లు బాండ్లుగా మార్చారు, అది గ్యాస్ బిల్లుల్లో ఏళ్ళ తరబడి వసూలవుతూనే ఉంటుంది.

డేటా సెంటర్ల భయం ఉత్తదేం కాదు, 2025లో అలాంటి పెద్ద లోడ్‌లని ఎమర్జెన్సీలో ముందు తగ్గించేలా చట్టం చేశారు, గ్రిడ్‌కి కరెంటు దాచిపెట్టే బ్యాటరీలు కూడా బాగా పెరిగాయి. బ్యాటరీ సాయంత్రం రెండు మూడు గంటలు కాస్తుంది, 2021లా నాలుగు రోజులు కాయలేదు. అందుకే ఈ వారం గ్రూపుల్లో గాలిమరల ఫోటోలు తిప్పేవాళ్ళకి నా మనవి, ఎర్కాట్ పేజీలో గాలి ఎంతుందో చూడటంతో పాటు పడమటి టెక్సస్‌లో గ్యాస్ బావులుండే పర్మియన్‌లో ఉత్పత్తి రోజురోజుకీ ఎంత పడుతోందో కూడా చూడండి, 2021లో కోతలకి ముందు మొదట పడింది అదే.