కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది: ఆసియా పందెం రేట్ల లెక్క

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న ఇంట్లో పెరిగే పిల్లలకు విలోమానుపాతం బడిలో చెప్పకముందే వచ్చేసి ఉంటుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. 100 కౌంట్ అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 25 కౌంట్ అంటే 40 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ.

ఆటల పందేల్లో కనిపించే రేట్లదీ ఇదే స్వభావం. రేటు చిన్నదైతే గెలిచే అవకాశం పెద్దది. ఐపీఎల్ వచ్చిందంటే కావలిలో, ఒంగోలులో కుర్రాళ్ల ఫోన్లలో ఈ అంకెలు తిరుగుతూనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఆ అంకెలు కళ్లబడకుండా పోవు. వాటి లోపల ఏముందో తెలియకుండా మన పిల్లలు డబ్బు పెట్టడం నన్ను నిజంగా కలవరపెడుతుంది. అందుకే ఈ లెక్క.

ముందుగా దశాంశ రేటు. 1.80 అంటే 100 రూపాయలు కాసి గెలిస్తే అసలుతో కలిపి 180 చేతికొస్తుంది. 1ని 1.80తో భాగిస్తే 0.5556. అంటే ఆ రేటు ప్రకారం ఆ జట్టు గెలిచే అవకాశం 55.56 శాతం, బుకీ వాటా కూడా అందులోనే కలిసి ఉంటుంది. మిగతా పద్ధతులన్నీ ఈ ఒక్క సంఖ్యకు వేసిన వేర్వేరు వేషాలు.

హాంకాంగ్ పద్ధతి అన్నిటికన్నా తేలిక. అసలు తీసేసి లాభం మాత్రమే చెబుతుంది. దశాంశ రేటులోంచి 1 తీసేస్తే సరి: 1.80 కాస్తా 0.80.

మలేషియా పద్ధతి దగ్గర చాలామంది తడబడతారు, కానీ నాకు ఎక్కువ నచ్చేది అదే. ఇందులో అంకె ఒకటికి మించదు. లాభం అసలు కన్నా తక్కువైతే హాంకాంగ్ రేటునే ఉన్నదున్నట్టు రాస్తారు: 0.80 అంటే వంద కాస్తే ఎనభై లాభం. లాభం అసలును మించితే తిరగేసి, అంటే 1ని దానితో భాగించి, ముందు మైనస్ గుర్తు పెడతారు: −0.80 అంటే ఎనభై కాస్తే వంద లాభం. మైనస్ చూసి నష్టమనుకోకూడదు. అది గెలిచే అవకాశం తక్కువున్న జట్టుకు పెట్టిన గుర్తు. హాంకాంగ్ రేటులోకి మార్చాలంటే మైనస్ తీసేసి, 1ని ఆ అంకెతో భాగించాలి. 1ని 0.80తో భాగిస్తే 1.25. దానికి 1 కలిపితే దశాంశ రేటు 2.25.

ఇండోనేషియా పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ అంకె ఒకటికి తగ్గదు. లాభం అసలును మించితే హాంకాంగ్ రేటే రాస్తారు, తక్కువైతే తిరగేసి మైనస్ పెడతారు. మన 0.80 అక్కడ −1.25 అవుతుంది, అంటే వంద గెలవడానికి 125 ఒడ్డాలి. దీన్ని వందతో గుణిస్తే అమెరికా వాళ్లు రాసే −125 వస్తుంది.

అంకెలు ఇలా తిరగబడేవి కాబట్టి వాటి సగటు తీయకూడదు. ఒక రేటు 1.25, ఇంకొకటి 5.00 అనుకోండి. సగటు 3.125, దాన్ని తిరగేస్తే 32 శాతం. కానీ అసలు అవకాశాలు 80 శాతం, 20 శాతం, వాటి సగటు 50. 25 కౌంట్ రొయ్య ఒకటి, 100 కౌంట్ రొయ్య ఒకటి తీసుకుని 62.5 కౌంట్ అంటే ఏ రైతూ ఒప్పుకోడు. రెండూ కలిపి 50 గ్రాములు, సగటున 25, అంటే 40 కౌంట్.

మలేషియా పద్ధతి నచ్చడానికి కారణం, అందులో బుకీ వాటా పైకే కనిపిస్తుంది. ఒకడు 100 ఒడ్డి 80 గెలవాలని చూస్తుంటే, ఎదుటివాడు 80 ఒడ్డి 100 గెలవాలని చూస్తాడు. ఒకడి నష్టం ఇంకొకడి లాభం. కాబట్టి మధ్యలో ఎవరూ తినని పందెంలో ఒకవైపు 0.80 ఉంటే రెండోవైపు −0.80 ఉండాలి. తెర మీద రెండోవైపు −0.90 కనిపించిందనుకోండి. రెండోవాడు వంద గెలవడానికి తొంభై ఒడ్డుతున్నాడు. మొదటివాడు గెలిస్తే బుకీ రెండోవాడి తొంభై తీసుకుని ఎనభై చెల్లిస్తాడు, పది మిగుల్చుకుంటాడు. రెండోవాడు గెలిస్తే ఆ చేత్తో తీసుకున్న వంద ఈ చేత్తో ఇచ్చేస్తాడు. ఎటు తిరిగినా ఆయన జేబులోంచి పైసా పోదు.

మిగతా పద్ధతుల్లో ఈ వాటా బయటపడాలంటే అన్ని రేట్లనూ తిరగేసి కూడాలి. పైన చెప్పిన పందెంలో 0.80కి 55.56 శాతం, −0.90కి (దశాంశ రేటు సుమారు 2.11) 47.37 శాతం, రెండూ కలిపితే దాదాపు 102.9. నూటికి మించినదంతా బుకీ కట్టుకున్న తేడా. డ్రా అయ్యే వీలున్న ఫుట్‌బాల్‌లో మూడు రేట్లు కూడాలి: 2.10, 3.40, 3.60 అయితే మొత్తం 104.81.

ఈ మూడు, ఐదు శాతాలు చూసి చాలామంది ఇంతేగా అనుకుంటారు. రెండువైపులా సమాన అవకాశమున్న ఆటకు రెండువైపులా హాంకాంగ్ రేటు 0.90 అనుకుందాం. ఒకడు 500 చొప్పున వంద పందేలు కాశాడు. నేనెప్పుడూ ఐదు వందలు దాటలేదు కదా అనుకుంటాడు, కానీ వాటా తెగేది అతను తిప్పిన మొత్తం 50,000 మీద. సగానికి సగం గెలిస్తే 22,500 వస్తుంది, 25,000 పోతుంది. వందలో 52 గెలిచినా వచ్చేది 23,400, పోయేది 24,000. అసలు నిలబెట్టుకోవాలంటే 53 గెలవాలి.